మంచుకొండ మీది పిల్ల

వికారాబాద్‌లో తాండూరు బస్సెక్కి, సగం చదివిన మాయాలోకపు నవల తీశాను. ముఖచిత్రం మీద కథానాయిక మంచుకొండపై కత్తి పట్టుకుని, భుజాలు కనబడే పల్చటి బట్టల్లో నిలబడి ఉంది. ఆ బొమ్మ నచ్చే కొన్నాను.

పక్కన గొంగడి కప్పుకున్న, గొర్రెలు కాసే ముసలామె బొమ్మనే చూస్తోంది.

“గింత మంచుల గా పిల్లకు ఎవ్వరు గొంగడియ్యలేదా, బిడ్డా?”

“ఆమెకు మంత్రాలొస్తయవ్వా. సలి పెట్టదు.”

“నా బిడ్డ గూడ సలి పెడ్తలేదనే అన్నది. గొర్లకాడ పండుకొని, సలిజొరంతోని పోయింది.”

ఆమె తన గొంగడి కొస లాగి, నా ఒళ్లోని పుస్తకం మీద కప్పింది. పెద్దేముల్‌లో ఆమె దిగేదాకా నేను దాన్ని కదిలించలేదు.

ఇంటికెళ్లాక, చిన్నప్పుడు బడి పుస్తకాలకు వేసినట్టు, ఆ నవలకు ఖాకీ కాగితంతో అట్ట వేశాను.