నాలుగో వాటా

ఆ ఆదివారం మధ్యాహ్నం ఏన్సెల్ వికరీ గొర్రెతొడను ఎప్పటిలాగే నాలుగు వాటాలుగా కోశాడు. బల్ల దగ్గర ఉన్నది మేమిద్దరమే.

"ఆ మిగతా ఇద్దరూ ఎప్పుడొస్తారోయ్?" అన్నాను, ముప్పై ఏళ్లుగా అంటున్నట్టే.

"వస్తే పస్తు పోకూడదు కదా టోబీ," అన్నాడు.

మంగళవారం పొద్దున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ నాలుగు వాటాల అలవాటు లండన్‌ది. మేమిద్దరం ఫిలడెల్ఫియా నుంచి లా చదవడానికి అక్కడికి వెళ్లాం. పట్టా కావాలంటే పుస్తకాలు చదివితే చాలదు, విద్యాలయం హాల్లో ఇన్ని భోజనాలని లెక్క ప్రకారం చేయాలి. బల్లకు నలుగురు, నలుగురికీ ఒకే పళ్లెం. ముగ్గురే ఉంటే పళ్లెం రాదు, ఆ పూట భోజనం చేసినట్టు కాదు.

1775లో మా అమెరికాలో ఇంగ్లిషు సైన్యం మీద తుపాకులు పేలిన కబురు లండన్ చేరిన రోజు, మేం కూర్చోగానే బల్ల దగ్గరున్న ఇంగ్లిషు కుర్రాళ్లు లేచిపోయారు.

"తిరుగుబాటుదార్ల ఎంగిలి మాకొద్దు," అన్నాడొకడు.

మర్నాడు ఇద్దరు ఐర్లండు విద్యార్థులు వచ్చి మా ఎదురుగా కూర్చున్నారు. "మీ గొడవ మాకెందుకు బాబూ," అన్నాడు వాళ్లలో డెర్మట్ అనేవాడు. "ఆ సీసా మాత్రం ఇటు జరపండి."

అలా నలుగురమయ్యాం. నాకింకా ఇరవై రెండు భోజనాలున్నాయి. ఇంతలో ఏన్సెల్‌కి ఓడలో చోటు దొరికింది. మా ఊరికి అదే ఆఖరి ఓడ అంటున్నారు. అతను వెళితే మేం ముగ్గురమే, నా చదువంతా గంగపాలే. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు.

"నాకూ కొన్ని పూటలున్నాయోయ్," అన్నాడతనే. "సగం లాయరుగా వెళితే మా నాన్న గుమ్మం ఎక్కనిస్తాడా?"

ఓడ వెళ్లిపోయింది. ఫ్రాన్సు మీదుగా ఇల్లు చేరడానికి మాకు మూడేళ్లు పట్టింది.

స్వతంత్రం వచ్చాక ఏన్సెల్ తన ముందుగదిలో వడ్రంగుల పిల్లలకూ, చెప్పులు కుట్టేవాళ్ల పిల్లలకూ లా చెప్పాడు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టేవాడు. "తిన్నా లాయరువే, తినకపోయినా లాయరువే. ముందు కూర్చో," అనేవాడు. వాళ్లలో ఇద్దరు ఇవాళ జడ్జీలు. అతని శవపేటికకు భుజం పట్టిందీ వాళ్లే. ఆ గది మూతపడదు, వచ్చే సోమవారం నుంచి వాళ్లే పాఠం చెబుతారు.

వాళ్లకోసం నిన్న పుస్తకాలు కిందికి దించాను. ఒకదానిలో ఏన్సెల్ పట్టా మడిచి ఉంది. అతని భోజనాలు పూర్తయిన తేదీ దాని మీద రాసి ఉంది: 1775 ఫిబ్రవరి. ఓడ వెళ్లింది ఆ ఏడు సెప్టెంబరులో.