నడి నీళ్లలో చాయ్

ఇరవై రెండేళ్ల వయసున్న ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. మానేరు డ్యాం మీద తెరచాప పడవలు నడిపే చిన్న క్లబ్బులో తాత్కాలిక కొలువు నాది. ఆఖరి వారంలో క్లబ్బు పెద్దసారు వచ్చి, పడవలో ఒక చుట్టు తిరిగి, నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తానన్నారు. మా బాపు మాత్రం కొడుకు కొలువు పర్మినెంటయిందని అప్పటికే వాడకట్టంతా చెప్పుకొని వచ్చాడు.

ఉత్త షికారుకు సారు కరగరు, నడి నీళ్లలో వేడిగా చాయ్ కాచి ఇవ్వాలనిపించింది. నర్సుగా చేసి రిటైరైన మా చిన్నమ్మ దగ్గర, ఒకప్పుడు సూదులు ఉడకబెట్టిన స్పిరిట్ స్టవ్ ఉంది. "గంత షోకెందుకురా, ఫ్లాస్కుల వోసుకపో" అంది. (ఫ్లాస్కులో పోసుకుపోతే అందులో నా గొప్పేముంది?) చివరికి ఇస్తూ, "స్పిరిటు మంట ఎండల కనవడదు. ఆరిందనుకొని మల్ల వొయ్యకు, మూతి కాలుతది. ఒడ్డు మీదనే నింపుకో, సల్లారేదాక సీసా ముట్టకు" అని చెప్పింది. స్టవ్ తెచ్చుకున్నాను, మాట అక్కడే వదిలేశాను.

మరునాడు మిట్టమధ్యాహ్నం సారు పడవెక్కారు. పడవ నడిపే పెద్దాయన, మేమంతా కాక అనేవాళ్లం, ఇసుక పోసిన ఇనుప తట్టలో స్టవ్ కదలకుండా పెట్టించి, తడి గోనెసంచి దగ్గర ఉంచుకున్నాడు. ముసలాయన చాదస్తమని నవ్వుకున్నాను. స్టవ్ వెలిగించి చాలాసేపైంది, వంగి చూస్తే మంటే లేదు. సారు గడియారం చూసుకొని, "ఏమాయె తమ్మీ, గీ చాయ్ గీ పొద్దు అయితదా?" అన్నారు. గిన్నె మూత తీసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. గిన్నె దించి పక్కన పెట్టి, స్పిరిట్ పోశాను.

భగ్గుమంది. సీసా చేజారింది, పడవ చెక్క నల్లబడుతోంది, కాలిన వెంట్రుకల వాసన నాదే. సారు బూట్లతో సహా నీళ్లలోకి దూకారు. (లైఫ్ జాకెట్ తొడిగింది నేనే, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను.) కాక గోనెసంచి కప్పి మంటను అదిమేశాడు. తెరచాప దక్కింది. నా కొలువు మునిగింది. బాపు ముఖం కళ్ల ముందు మెదిలి ఏడుపొచ్చింది.

సారును పైకి లాగాక కాక గిన్నె మూత తీశాడు. చాయ్ పొగలు కక్కుతోంది. మంట అసలు ఆరనే లేదన్నమాట. సారు వణుకుతూ గ్లాసెడు తాగి, "చాయ్ మంచిగైంది. రేపటి సంది రాకు" అన్నారు.

స్టవ్ తిరిగివ్వడానికి పోతే, కనుబొమ్మల్లేని నా ముఖాన్ని చిన్నమ్మ ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్లి ఫ్లాస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. కనుబొమ్మలు మళ్లీ మొలిచాయి, ఆ కొలువు మొలవలేదు. ఇప్పుడు ఏ పనికి పోయినా నా సంచిలో ఆ ఫ్లాస్కే ఉంటుంది.