మద్దిచెట్టు కింద హాజరు

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరిలో, నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. అప్పుడు నేను పాల్వంచ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. మా కాలనీ కుటుంబాలను భద్రాచలం వైపు అడవి అంచున, వాగు ఒడ్డుకు పిక్నిక్ తీసుకువెళ్ళాలి.

పిక్నిక్‌కు రిస్క్ అసెస్‌మెంట్ చేసిన మహానుభావుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందే వెతకడాన్ని మా వృత్తిలో అలా అంటారు. వాగు లోతు కొలిపించాను. పాముకాటుకు మందు ఏ దవాఖానాలో దొరుకుతుందో కనుక్కున్నాను. నీడ బాగుందని ఒక పెద్ద మద్దిచెట్టుకు ‘అసెంబ్లీ పాయింట్’ బోర్డు కట్టించాను. ఫ్యాక్టరీలో సైరన్ మోగితే అందరూ చేరి హాజరు పలకవలసిన చోటును అలా పిలుస్తాం. పైకొమ్మకు తేనెపట్టు వేలాడటం చూశాను కూడా. అంత ఎత్తులో ఉన్నది మనకేం ప్రమాదమని తేల్చేశాను. అది మనకు అందదు సరే, ఈగలకు మనం అందుతామన్న సంగతి బుర్రకు తట్టలేదు.

బిర్యానీ పొయ్యి కూడా ఆ నీడలోనే పెట్టించాను. పచ్చికట్టెల పొగ పట్టుకు తగలగానే ఈగలు లేచాయి. నేను విజిల్ ఊదాను. నా శిక్షణ ఎంత గట్టిదంటే, వాగులో ఆడుకుంటున్నవాళ్ళు కూడా సరిగ్గా ఆ చెట్టు కిందికే పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డారు. నేను పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

మా బాయిలర్ ఫోర్‌మన్ ఖాసిం తల్లికి మోకాళ్ళు పనిచేయవు. కుర్చీలో ఉన్న ఆమెను దుప్పటిలో చుట్టి ఎత్తుకుంటూ అతను, “హాజరు తర్వాత చూసుకుందాం సార్. అందరు జల్దీ బస్సెక్కుండ్రి, అద్దాలు మూయుండ్రి” అన్నాడు. జనం అతని మాట విన్నారు. నేను ఇంకో రెండు పేర్లు పిలిచాను. పలికే నాథుడు లేడు.

నా ముఖం వాచి గుమ్మడికాయంత అయింది. అది పోనీండి. ఖాసిం తల్లిని కుట్టింది ఒక్క ఈగే, కాని ఆ విషం ఒంటికి పడక ఆమెకు ఊపిరి అందలేదు. దవాఖానా చేరేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా సర్వీసు మొత్తంలో అంత భయపడింది లేదు. ఇంజెక్షన్లు పడ్డాక సాయంత్రానికి తేరుకుంది.

మంచం చుట్టూ చేరినవాళ్ళు మర్నాడే వెళ్ళి ఆ పట్టును కాల్చేద్దామన్నారు. వాచిన ముఖంతో నేనూ తలూపాను. ఆమె నావైపు చూసి, “వాటి ఇంటికింద పొగ పెట్టింది మనం. నీ ఇంటికింద ఎవరన్న పెడితె ఊకుంటవా బేటా?” అని అడిగింది.

పట్టు జోలికి ఎవరూ పోలేదు. తేనెపట్టు కనబడితే పొయ్యీ మనుషులూ దూరంగా ఉండాలి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి, తలుపులున్న చోట దూరాలి. ఇంతకుమించి విధివిధానం ఏమీ లేదు. ఆ రోజు ఆ అడవిలో అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రాణి సేఫ్టీ ఆఫీసరే.