దాటిపోయిన సమయానికి ఒక వాక్యం

మా ఆవిడ పదకొండేళ్లు కూర్చుని ఒక్క పేజీ రాసింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ కంపెనీదైనా సరే, దాని మీద నడిచే ప్రోగ్రాం "నన్ను సరిగ్గా ఇన్నింటికి లేపు" అని ఒకే తీరున అడగాలి. ఆ తీరు ఏమిటో చెప్పే, కంపెనీలన్నీ పాటించాల్సిన ప్రమాణంలోది ఆ పేజీ. చుట్టాలకు ఇదంతా చెప్పి చెప్పి విసుగొచ్చి, చివరికి "కంప్యూటర్ ఉద్యోగం" అనేసి ఊరుకున్నాను.

దీనికంతటికీ మూలం మా అమ్మాయి. దానికప్పుడు పదేళ్లు. "పది నిమిషాల్లో వస్తానే" అనేది వాళ్లమ్మ. మధ్యలో ఫోనొస్తే లెక్క మళ్లీ మొదటికి. ఒకరోజు పిల్లకు ఒళ్లు మండింది.

"ఎంతసేపో వద్దమ్మా, ఎన్నింటికో చెప్పు!"

మా ఆవిడ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. యంత్రాలదీ అదే జబ్బట. "ఇంతసేపు ఆగు" అని చెప్పేలోపే ఇంకో పని అడ్డొస్తుంది, ఆలస్యం చుక్కచుక్కగా పేరుకుంటుంది. రోగికి మందెక్కించే యంత్రంలో అలా జరిగితే ఇంకేమైనా ఉందా?

ఆ ప్రమాణం తయారుచేసే కమిటీలో ఎవరు అభ్యంతరం పెట్టినా, కామా మీదైనా సరే, పేజీ రాసినవాళ్లు కాగితం మీద జవాబివ్వాలి. అలా మూడొందల పదహారు జవాబులు రాసింది. జుట్టు నెరిసింది. పిల్ల కాలేజీకొచ్చి ఈతలో పేరు తెచ్చుకుంది. వాళ్లమ్మ ఒక్క పోటీ కూడా చూడలేదు.

ఆ పేజీ మీద కమిటీ ఆఖరి ఓటింగ్ రోజునే పిల్లకు కాలేజీ చదువులో ఆఖరి ఈత పోటీ వచ్చింది. "నాలుగింటికి అక్కడుంటా" అంది మా ఆవిడ. తన నోట గడియారం మాట వినడం నాకదే మొదలు. ఓటింగ్ మధ్యాహ్నానికి అయిపోతుంది, ఆ నెలాఖరుకు తన రిటైర్మెంట్.

పొద్దున కాఫీ తాగుతూ పేజీ మళ్లీ చదివి, కప్పు కింద పెట్టేసింది.

"అడిగిన సమయం అప్పటికే దాటిపోయుంటే ఏం చెయ్యాలో రాయలేదండీ. ఒక కంపెనీ సిస్టమ్‌లో ప్రోగ్రాం వెంటనే లేస్తుంది, ఇంకోదాంట్లో ఎప్పటికీ రాని సమయం కోసం కూర్చుంటుంది."

"ఇన్నేళ్లలో ఎవరూ చూళ్లేదా?"

"అందరూ కామాలే చూశారు."

"అయితే నువ్వూ చూడనట్టే ఉండు" అన్నాను. సిగ్గులేకుండానే అన్నాను. అలసిపోయింది తనొక్కతే కాదు.

కమిటీకి వెళ్లి తన పేజీ మీద తనే అభ్యంతరం పెట్టింది. "ఏంటమ్మా ఇది? మళ్లీ ఓటింగంటే ఏడాది. అప్పటికి మీరుండరు" అన్నాడట అధ్యక్షుడు. "తెలుసండీ" అందట. రివాజు రివాజే కదా, తన అభ్యంతరానికి తనే జవాబు రాసుకుంది: "అంగీకరిస్తున్నాను. సమయం దాటిపోయి ఉంటే ప్రోగ్రాం వేచి ఉండకుండా వెంటనే తిరిగి రావాలి." దాని మీద అందరూ వాదించి సంతకాలు పెట్టేసరికి నాలుగున్నర.

ఇక్కడ నాలుగింటికి మొదలైన పోటీ నిమిషంలో అయిపోయింది. పిల్ల రెండో స్థానంలో వచ్చింది. నీళ్లలోంచి తలెత్తి ముందు మా వరుస వైపే చూసింది, నా పక్క కుర్చీ ఖాళీ. పతకం నా చేతిలో పెట్టి, స్నేహితులతో వెళ్లిపోయింది.

మా ఆవిడ ఐదింటికి రొప్పుతూ వచ్చింది. పతకం తీసుకుని ఆ కుర్చీలో కూలబడి, ఖాళీ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"అయిపోయింది కదా, ఇంటికెళ్దాం పద."

"కాసేపు కూర్చుంటానండీ."

ఎంతసేపని నేను అడగలేదు.