ప్రతిష్ఠనాటి వాయిదా

ఆరేళ్లుగా ఒక తేదీని మోస్తున్నాను. ఇంట్లో క్యాలెండర్లు మారాయి గానీ అది మాత్రం నా గుండెల మీద నుంచి దిగలేదు. నా భార్యకు తెలియదు. నా వకీలుకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. పక్కిల్లు ఓబులాచారిది. దేవుళ్ల విగ్రహాలు చెక్కుతాడు. మా రెండిళ్ల మధ్య మూడడుగుల సందు ఉంది. అందులో గోడ కట్టుకుంటానన్నాడు. సందు నాదని కేసు వేశాను. నాదా? కాదు. నా ఇంటి దస్తావేజులోనే అది వాళ్లదని రాసి ఉంది. మరెందుకు వేశాను? రాతిదుమ్ము మా ఇంట్లోకి వస్తోందని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. రిటైరయ్యాక నన్ను పలకరించే దిక్కు లేదు, ఆచారి వాకిట్లో మాత్రం రోజూ ఏదో ఒక ఊరి కారు ఆగి ఉండేది. కుళ్లు. అంతే.

ఆళ్లగడ్డ కోర్టులో ఓడిపోయాను. మా ఆవిడ పేరుతో మళ్లీ వేశాను. అదీ పోయింది. ఆ తర్వాత బామ్మర్ది పేరుతో, సందు విలువ ఎక్కువ చేసి రాయించి, నంద్యాల పెద్ద కోర్టుకు పోయేలా వేశాను. నంద్యాలైతే ప్రతి వాయిదాకూ ఆచారి ఉలి పక్కన పెట్టి బస్సెక్కాలి. గెలవనని తెలుసు. గెలవడం ఎవరిక్కావాలి? అతను తిరగాలి. పిల్లలకు నీతులు చెప్పిన నోరండీ నాది!

ఒకనాడు సందులో నిలబడి ఆచారి నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో అమ్మవారి ప్రతిష్ఠ, విగ్రహం అతను చెక్కిందే. "కేసుది కేసే సారూ. నువ్వు రావాల" అన్నాడు. విగ్రహానికి కళ్లు ముందుగా చెక్కరు. ప్రతిష్ఠ రోజు, ముహూర్తానికి, గుడిలోనే ఆ శిల్పి ఉలి పెట్టి కళ్లు తెరిపిస్తాడు. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆచారే, మేం కలిసి టీ తాగే రోజుల్లో.

ఆ వారమే నంద్యాలలో వాయిదా. ఆచారి రాలేదు, విగ్రహం పనిలో ఉన్నాడు. అతన్ని బోనెక్కించి ప్రశ్నించే రోజు ఖాయం చేయాలి. ప్రతిష్ఠ ఉన్న బుధవారమే అడగమని, బామ్మర్దికి ఆ రోజే వీలని, మా వకీలు చెవిలో వేశాను. పచ్చి అబద్ధం. వకీలు అడిగాడు, జడ్జి ఇచ్చారు. ఆచారి అప్పటికే రెండుసార్లు రాలేదని, ఈసారీ రాకపోతే ఇక అతని మాట వినేది లేదని కూడా అన్నారు.

బుధవారం ఆచారి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కేసు పిలిచారు. మా వకీలు లేచి, కాగితాలు సిద్ధంగా లేవు, మరో వాయిదా కావాలన్నాడు. అదీ నేను చెప్పి పెట్టిందే. జడ్జి విసుక్కుని ఇచ్చారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆచారి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు.

"ఈపాటికి తెరిచింటారు సారూ, కండ్లు."

"ఎవరు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఎవురో ఇంకో ఆచారిని పిలిపిచ్చినారంట. నేను చెక్కిన అమ్మకు వేరేవోళ్ల చెయ్యి పడె."

"నన్నేం చేయమంటావప్పా?"

"నిన్నేమంటాండా సారూ? నీ తప్పేముంది? తేదీ కోర్టోళ్లు ఇచ్చింది గదా."

"అవు" అన్నాను. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను తింటోంది.

తర్వాత కొత్త జడ్జి వచ్చి మూడు కేసుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. మూడింట్లోనూ దక్షిణం హద్దు వేపచెట్టే. ఆ చెట్టు రెండో కేసు నాటికే గాలికి పడిపోయింది, నేను పాత కాగితం చూసి దించేశాను. పేర్లు మార్చి ఒకే కేసు తిప్పితిప్పి వేయడం ఎదుటి మనిషిని వేధించడమేనని, కోర్టును దుర్వినియోగం చేయడమేనని నిండు కోర్టులో తిట్టి కొట్టేశారు. ఖర్చులు కూడా కట్టించారు. ఊళ్లో తలెత్తుకోలేకపోయాను. అంతటితో తీరిపోయిందనుకున్నాను. ఎలా తీరుతుంది? ఆ బుధవారం సంగతి జడ్జికి తెలియదు కదా.

ఆచారి మళ్లీ విగ్రహం ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, తనకే చెయ్యి ఆడలేదట. ఇప్పుడు రోళ్లు, గడపరాళ్లు కొడుతున్నాడు. గోడ కట్టుకున్నాడు. దాని మీదుగా రోజూ "తిన్యావా సారూ?" అంటాడు. "తిన్యా" అంటాను. చెప్పాలని నోటిదాకా వస్తుంది. క్షమించడని భయమా, పోనీలే సారూ అనేస్తాడని భయమా? రెండోదే ఎక్కువ అనుకుంటా. సిగ్గుతో చచ్చిపోతాను.

అతనికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

ఆచారీ, ఆ తేదీ కోర్టోళ్లు ఇచ్చింది కాదప్పా. నేనే అడిగి ఇప్పిచ్చినా.