కొత్త పండక్కి దాచిన గుండె మాత్రలు

తప్పు నాదే. సోములమ్మ అడక్కముందే ఒప్పేసుకుంటున్నాను.

అరకు కొండల్లో ఆమె మా ఊరందరికీ పెద్దమ్మ. ఎకరం కాఫీ తోట, కాస్త రాగి చేను, ఎదురుపడ్డ ప్రతివాడికీ ఒక చురక. పండగల్లో ఆడే థింసా ఆటలో ఆడవాళ్ల వరసకు ముందు నిలబడేదీ ఆమే. రెండేళ్ల కిందట గుండె ఉన్నట్టుండి పరుగందుకుంటోందని డాక్టరుగారు రెండుపూటలా మెటోప్రొలాల్ మాత్ర రాశారు. ఒక్కపూట కూడా మానొద్దన్నారు. ఆమె మానలేదు. ఆ తెల్లమాత్ర ఉన్నంతకాలం వరసలో తన చోటు ఎవరికీ ఇవ్వనని చెప్పుకునేది.

పాత మాత్రలు అయిపోయాయి. మందుల షాపువాడు అదే మందు వేరే కంపెనీది, గులాబీ రంగులో ఇచ్చాడు. తెచ్చింది నేను. ఇచ్చేసి ఊరుకోవచ్చు కదా? మామిడి కొత్త పండగ దగ్గర పడింది. దేవతకు పెట్టకుండా కొత్త కాయ కొరకరు ఇక్కడ. "కొత్త రంగు గదా పెద్దమ్మా, కొత్త పెట్టకుండానే మింగేత్తావా?" అని నవ్వి బండెక్కేశాను.

సోములమ్మ నవ్వలేదు. మాత్రలను ఆకులో చుట్టి, పండక్కి దాచిన మామిడికాయల పక్కన పెట్టింది. శనివారం పండగ దాకా నాలుగు రోజులే కదా అనుకుంది.

మూడోనాడు పొద్దున ఊట దగ్గర బిందె నింపుతుంటే గుండెల్లో ఎవరో డప్పు అందుకున్నారు. ముందు మెల్లగా, తరవాత ఆగకుండా. కాఫీ పూలన్నీ ఒక్కసారే విచ్చి కొండంతా తెల్లగా ఉంది. ఆ తెలుపు కొమ్మలు వదిలి తన చుట్టూ తిరుగుతున్నట్టు తోచింది. ఎప్పుడో పోయిన నేస్తాలు వచ్చి, నడుం చుట్టూ చేతులేసి వరస కట్టారు. పాదాలు నేలకు ఆనడం లేదు. హాయిగానే ఉంది, ఊపిరి ఒక్కటే అందడం లేదు. ఈ వరసతో నడిస్తే మళ్లీ ఇంటికి రాననుకుని, రాతిని పట్టుకుని కూలబడింది.

టీకాలు వేయడానికి వస్తున్న నర్సు కృపావతి చూసి, నాడి పట్టుకుని, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. సూదిమందుతో పరుగు తగ్గింది. మాత్రల సంగతి విన్నాక కృపావతి తల పట్టుకుంది.

"రెండేళ్లబట్టి తింతన్న మందే అత్తా ఇది. సొక్కా మారింది, అంతే. దీనికి కొత్తేటి?"

ఆ మాట సోములమ్మకు నచ్చింది. ఈ పండక్కి ఆట వద్దని డాక్టరుగారు అన్నప్పుడు మాత్రం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం మంచం పక్కన నిలబడి, ఇక ఎగతాళి జోలికి పోనన్నాను. ఆమె గులాబీ మాత్ర మింగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఎగతాళి మానకురా గుంటడా. శనోరం ఆడోళ్ల వరసకి ముందు నువ్వాడు. నీ గుండె ఎంత పరిగెడతాదో నేను కూకుని సూత్తాను."