కోళ్ళు తిన్న గింజలు

విరించిపురం దాటినా గుడియాత్తం బస్సులో కాలు మోపే చోటు లేదు. నిలబడి నిలబడి వరదమ్మ మోకాళ్ళు పట్టేసినాయి. వేలూరులో కడుతున్న మేడకు పొద్దున్నుంచీ ఇటుకలు మోసిన మనిషి, తలగుడ్డ దులిపితే సిమెంటు రాలుతుంది. పళ్ళికొండలో ఒకామె దిగగానే కండక్టరు, "ఎన్నమ్మా, సీటుండాది గదా, కూర్చో" అన్నాడు. కూర్చున్నాక గానీ పక్కన ఎవరో చూడలేదు. మేనక! కోడలు శరణ్యకు తల్లి, తిరువలంలో బియ్యం మండీ వాళ్ళ ఇల్లాలు. పెళ్ళయి ఏడాదైనా వియ్యపురాళ్ళిద్దరికీ పలకరింపు లేదు.

మేనక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒళ్ళోని ఆపిల్ పండ్ల సంచీని కిటికీ వైపు జరిపింది.

"మీ ఇంటికే వస్తా ఉండా వదినా. ఏడో నెల గదా, గాజులు తొడిగి నా బిడ్డను పురిటికి పిలుచుకొని పోతా."

"తొమ్మిదిలో అని శరణ్య చెప్పిందే?"

"రక్తం ఎనిమిదికి దిగినాక తొమ్మిదో నెల దాకా కాచుకోవాల్నా? నువ్వేం పెడతా ఉండావో దాంట్లోనే తెలస్తా ఉండాది. గడ్డీ గాదమూ!"

ఆ గడ్డి వరదమ్మ ఒళ్ళోనే ఉంది. మేడ వెనక చెట్టున, కాపలా వాణ్ణి బతిమాలి విరిచిన మునగాకు. రక్తం ఇంకా తగ్గితే వేలూరు తీసుకుపోయి ఎక్కించాల్సి వస్తుందని నర్సు చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు వేరే ఆలోచన లేదు. వచ్చే కూలిలోనే రాగి సంగటి, ఉలవచారు, సంత విడిచే వేళకు చవకయ్యే కూరగాయలు. పెరటి కోడి పెట్టిన గుడ్డు కోడలికే, కొడుక్కు కూడా లేదు.

ఈ సీమలో సంగటి తినేవాణ్ణి ఒకప్పుడు పంక్తి చివర కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు అదే రాగిపిండి రంగు డబ్బాలో వేలూరు అద్దాల అంగట్లో కూర్చుంది. మేనక సంచీలోనూ ఒక డబ్బా ఉంది. కూలివాడి కంచంలో ఉన్నంతసేపు గడ్డి, డబ్బాలోకి ఎక్కితే ఆరోగ్యం. సరే, మళ్ళీ బస్సులోకి.

"సంగటి తిని నేను నాలుగంతస్తులు ఇటుక మోస్తా ఉండా. నీ మండీ తెల్లన్నం తిని నువ్వు బస్సు మెట్టెక్కను కండక్టరు చెయ్యి పట్టుకోవాల" అంది వరదమ్మ.

ముందు సీటాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనక మొహం ఎర్రబడింది.

"నోరుండాది గదా, వాగు! మీరు తినే రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలుండేది ఊరంతా తెలుసు. నేను ఫోన్లో దినమూ చెప్పబట్టి నా బిడ్డ ఒక్కొక్కటీ ఏరి పారేసి తినింది. లేకుంటే ఏమైపోయేదో!"

వరదమ్మ పిడికిట్లో మునగాకు నలిగింది.

నాలుగు నెలలుగా చూస్తున్నదే. కోడలు గడపలో చేట పెట్టుకుని, రంగు తేడాగా ఉన్న గింజల్ని ఏరి కోళ్ళకు వేసేది. రాళ్ళు ఏరుతోందనుకుంది వరదమ్మ. ఎంత ఒద్దికైన పిల్లో అని వీధిలో చెప్పుకుని మురిసింది కూడా. పోయిన వారం నర్సు చూసి తల కొట్టుకుంది. అవి ప్లాస్టిక్ కాదు, ఇనుము చేర్చి చేసిన గింజలు, రక్తం తక్కువైన వాళ్ళ కోసమే కలుపుతారు, మాత్రలతో పాటు అవీ కావాలి అని చెప్పింది. నీకెవరు నేర్పినారని వరదమ్మ ఎంత అరిచినా శరణ్య తల ఎత్తలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లి పేరు బయట పెట్టకుండా అన్ని తిట్లూ తనే తినింది.

"నువ్వా నేర్పింది!" వరదమ్మ గొంతు పెరగలేదు. నర్సు చెప్పిందంతా చెప్పింది.

"అంతా కథలు" అంది మేనక. కిటికీ వైపు తిరిగి, "నాకేం తెలుసు? మండీలో అందరూ అదే అంటా ఉండిరి" అని గొణిగింది.

"రేషన్ బియ్యాన్ని అట్ల అనకపోతే మీ మండీ ఎట్ల నడస్తాది వదినా?"

గుడియాత్తం వచ్చింది. బస్సు దిగినాక వరదమ్మ ఆమెకు ఎదురుగా నిలబడింది.

"పిలుచుకొని పో. తల్లివి, కాదనను. అయితే బియ్యం నా ఇంటిదే, సంగటి పిండీ నా ఇంటిదే పోవాల పిల్లతో. ఒక్క గింజ నీ కోళ్ళు తిన్నాయని తెలిసిందా, తిరువలానికొచ్చి మండీ ముందరే నిలబడి చెబుతా, అందరికీ వినపడేట్ల."

మేనక పండ్ల సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"ఆటో పిలుస్తా. ఇద్దరం పోదాం, వదినా."

కోడలు పొయ్యి మీద ఎసరు పెట్టే వేళయింది. ఏరకుండా బియ్యం కడిగిందో లేదో చూడాలి. వరదమ్మ ఆటో కోసం ఆగకుండా, మునగాకు చంకన పెట్టుకుని జనంలోకి చరచరా నడిచిపోయింది.